నయాపైసా విలువ ఎంత?

మన ఇండ్లలో పాత పెట్టెలు దులుపునప్పుడు, దేవుని మందిరము అడుగున గాని, పెద్దవారి వక్కల సంచిలో గాని, ఎప్పుడో మూసిపెట్టిన డబ్బీలో గాని ఒక చిన్న రాగిరంగు బిళ్ళ దొరకుచుండును. దానికి ఒక ప్రక్క అశోకుని సింహములు, వాని ఇరువైపుల దేశము పేరు. రెండవ ప్రక్క ఒకటి అంకె, సంవత్సరము, హిందీలో రెండు మాటలు. అదియే నయాపైసా.

అది దొరకిన క్షణమున ఇంటిలో రెండు మాటలు వినవచ్చును. "దమ్మిడీకి కొరగానిది, పారవేయండి" అని ఒకరందురు. "పాత నాణెములకు లక్షలిత్తురట, దాచిపెట్టండి" అని మరొకరందురు. ఈ రెండు మాటలును సరియైనవి కావు. మొదటి మాట విన్నవారు ఒక చక్కని చారిత్రక వస్తువును పోగొట్టుకొందురు. రెండవ మాట నమ్మినవారు, ఒక్కొక్కప్పుడు, తాము కష్టపడి కూడబెట్టిన సొమ్మునే పోగొట్టుకొందురు. కావున ఈ బిళ్ళ ఎట్లు పుట్టినది, దానిని ఎట్లు సేకరింపవలెను, దాని విలువను ఎట్లు నిర్ణయింపవలెను అను విషయములను కొంచెము విచారింతము.

నయాపైసా పుట్టుకకు ముందు మన రూపాయికి 16 అణాలు. అణాకు 4 కానులు, లేదా 12 దమ్మిడీలు. అనగా రూపాయికి 64 కానులు, 192 దమ్మిడీలు. పావలా, బేడ, అణా, అర్ధణా, కానీ అను మాటలు ఆ లెక్కకు సంబంధించినవే. 1943 మొదలు 1947 వరకు నడుమ రంధ్రముతో వచ్చిన కానీని జనులు చిల్లికానీ అనిరి. చేతిలో ఏమియు లేదని చెప్పుటకు ఆ పేరు మన నుడికారములో నేటికిని నిలచియున్నది.

ఆ లెక్క బజారులో అలవాటైనదే గాని బడిలో పిల్లలకు ప్రాణసంకటము. 3 రూపాయల 7 అణాల 5 దమ్మిడీలను 9తో హెచ్చింపవలెనన్నచో, ముందు దమ్మిడీలను హెచ్చించి, 12తో భాగించి, అణాలు చేసి, వానిని మరల 16తో భాగించి రూపాయలు చేయవలసి యుండెను. జవాబు 31 రూపాయల 2 అణాల 9 దమ్మిడీలు. మూడు మెట్లలో ఎక్కడ తప్పినను జవాబు తప్పును. ఈ చిక్కును తీర్చుటకై 1955లో పార్లమెంటు నాణెముల చట్టమును సవరించెను. 1957 ఏప్రిల్ 1వ తేదీ నుండి రూపాయి నూరు భాగములాయెను. రూపాయి మారలేదు. దాని చిల్లర మాత్రమే మారెను. పాత పైసా రూపాయిలో 64వ వంతు, క్రొత్తది 100వ వంతు. రెండును కొంతకాలము బజారులో కలిసి తిరుగవలసి వచ్చినందున, క్రొత్తదానికి నయా అను విశేషణము తగిలించిరి. తపాలాశాఖ వారు కూడ అదే దినమున భారతదేశపు పటము గల క్రొత్త బిళ్ళలను నయాపైసల విలువలతో వెలువరించిరి.

మార్పు మొదటి దినములలో సామాన్య గృహస్థునకు కలిగిన సందేహము చిన్నది కాదు. అణాకు సరియైన విలువ ఆరుంబావు నయాపైసలు. పావు నయాపైసా అను నాణెము లేదు. అందుచేత అరపైసా గాని అంతకు తక్కువ గాని మిగిలినచో విడిచిపెట్టవలెననియు, అరకు మించినచో పైకి సవరింపవలెననియు నియమము పెట్టిరి. దాని ప్రకారము అణాకు 6, బేడకు 12, మూడణాలకు 19, పావలాకు 25 నయాపైసలు. ఇప్పుడు ఈ లెక్క చూడుడు. అణా చొప్పున పదునారు మారులు కొన్న ఇల్లాలు ఇచ్చినది 96 నయాపైసలు. ఆమెకు రూపాయికి 4 మిగులు, అంగడివానికి 4 తరుగు. అతడు ఆ తరుగు పడలేక అణా వస్తువునకు 7 అడిగెనా, పదునారు మారులకు 112 అగును. అప్పుడు ఆమెకు 12 నష్టము. కానీ వస్తువులు కొనువారికి ఇంకను ఇబ్బంది. కానీకి సవరించిన విలువ 2 నయాపైసలు. 64 మారులు కొన్నచో 128 నయాపైసలగును. దినమునకు రెండు కానుల ఉప్పు, కానీ కొత్తిమీర కొనెడు పేదవానికి ఈ తేడా మాటలలోనిది కాదు, మూటలోనిది.

తెలంగాణమునందు ఈ మార్పునకు మరొక విశేషమున్నది. అక్కడి ప్రజలకు అంతకుముందు హైదరాబాదు రాజ్యపు హాలీ సిక్కా వాడుక. 1950 నాటి మారకమున 7 హాలీ రూపాయలు 6 భారత రూపాయలకు సమానము. ఆ నాణెములు 1959 వరకును వాడుకలో మిగిలియుండెను. అనగా అక్కడి గృహస్థులు హాలీ నుండి భారత రూపాయికిని, అణాల నుండి నయాపైసలకును, పదేండ్ల లోపలనే రెండు మారులు లెక్క మార్చుకొనవలసి వచ్చెను.

ఇంతటి మార్పును జనుల చేతులకు అలవాటు చేయుటకు నాణెముల రూపములు తోడ్పడినవి. ఒక నయాపైసా గుండ్రము. రెండు నయాపైసలది అలల అంచు. అయిదు నయాపైసలది మూలలు గుండ్రించిన చదరము. పదిది మరల అలల అంచే గాని పెద్దది. ఇరువదియైదు, ఏబది గుండ్రములు. చదువు రానివారును, చీకటిలో తడిమి చూచువారును గుర్తింపగలుగుటకు ఇది అనుకూలము. ప్రతి చిల్లర నాణెము మీదను అది రూపాయిలో ఎన్నవ వంతో హిందీలో వ్రాసిరి. నయాపైసా మీద రూపాయిలో నూరవ భాగమని యుండును. నాణెమే పాఠము చెప్పుటకు ఇది మంచి నిదర్శనము.

ఇక సేకరణ విషయము. నయాపైసాను సేకరించువారు మూడు సంగతులు చూతురు. లోహము, సంవత్సరము, టంకశాల.

మొదట లోహము. 1957 నుండి 1962 వరకు వచ్చిన నయాపైసా కంచుది. రాగి హెచ్చుగా, తగరము కొద్దిగా కలిసిన మిశ్రమము. తూకము ఒకటిన్నర గ్రాము, అడ్డుకొలత 16 మిల్లీమీటర్లు. 1962, 1963 సంవత్సరములలో నికెలు కలిసిన ఇత్తడితో ముద్రించిరి. అది పసుపుపచ్చగా నుండును. 1962 సంవత్సరము రెండు లోహములలోను దొరకును గనుక, ఆ ఏటి నాణెములు రెండు ప్రక్కప్రక్కన పెట్టినప్పుడే ఆ వరుస పూర్తియైనట్లు. 1964 జూన్ 1వ తేదీ నుండి నయా అను మాట తీసివేసి పైసా అని మాత్రమే వ్యవహరించిరి. 1965 నుండి చదరపు అల్యూమినియము పైసా వచ్చెను. దాని తూకము ముప్పాతిక గ్రాము మాత్రమే. లోహపు ఖరీదు పెరిగిన కొలదిని చిల్లర నాణెము బరువు తగ్గుట అన్ని దేశములలోను జరిగినదే. నాణెములోని లోహము దాని ముఖవిలువను మించినచో, అది బజారును విడిచి కరగుమూసను చేరును.

రెండవది సంవత్సరము. కంచులో ఆరు సంవత్సరములు, నికెలు ఇత్తడిలో రెండు. ఇంతే గనుక ఈ సేకరణము పిల్లవాడైనను పూర్తి చేయదగినది. ఎదుట గమ్యము కనబడు పనియందు పిల్లలకు ఉత్సాహము నిలుచును.

మూడవదియు ముఖ్యమైనదియు టంకశాల గురుతు. సంవత్సరపు అంకెల క్రింద మిక్కిలి చిన్న గురుతు ఉండును. భూతద్దము లేనిదే కనబడుట కష్టము. వజ్రపు ఆకారమున్నచో బొంబాయి. ఏ గురుతును లేనిచో కలకత్తా. హైదరాబాదు టంకశాల గురుతు కాలక్రమమున మారినది. మొదట నడుమ చీలిన వజ్రము, తరువాత నడుమ చుక్క గల వజ్రము, అటుపిమ్మట నక్షత్రము. నోయిడా టంకశాలలో ముద్రణము 1988లో ఆరంభమైనది గనుక దాని చుక్క గురుతు నయాపైసా మీద ఉండదు. ఇచ్చట ఒక హెచ్చరిక. గురుతు అరిగిపోయినను గురుతు లేనట్లే కనబడును. అరిగిన బొంబాయి నాణెమును కలకత్తాదని భ్రమపడుట సులభము. అంకెలు కూడ అరిగియున్న నాణెము విషయమున ఏ టంకశాలదో తేల్చి చెప్పకుండుటయే మేలు.

హైదరాబాదు టంకశాల చరిత్ర మనకు అభిమానపాత్రమైనది. 1803లో సికందర్ జా కాలమున సుల్తాన్ షాహీలో అది ఆరంభమైనది. 1903లో సైఫాబాదునకు మారెను. 1950లో భారత ప్రభుత్వపు అధీనమునకు వచ్చెను. 1997లో చర్లపల్లికి తరలిపోయెను. సైఫాబాదులోని పాత కట్టడమున 2022లో నాణెముల ప్రదర్శనశాల తెరచిరి. నయాపైసలను ముద్రించినది సైఫాబాదు శాలయే. మీ ఇంటి నయాపైసా మీద చీలిన వజ్రము కనబడినచో, అది మన నగరముననే పుట్టి, ఎన్ని చేతులు తిరిగియో మీ చేతికి వచ్చినదని గ్రహింపుడు.

సేకరణమునకు వేలకొలది సొమ్ము అక్కరలేదు. ఒక భూతద్దము, గ్రాములో పదవ వంతు చూపు చిన్న తూనిక, ఒక అయస్కాంతము, ఒక నోటుపుస్తకము చాలును. తూనిక కల్తీని పట్టించును. అయస్కాంతము లోహమును పట్టించును. కంచు, నికెలు ఇత్తడి అయస్కాంతమునకు అంటవు. స్వచ్ఛమైన నికెలుతో చేసిన ఆనాటి 25, 50 నయాపైసల నాణెములు అంటును. నోటుపుస్తకములో ప్రతి నాణెమునకు ఒక వరుస వేసి, సంవత్సరము, గురుతు, లోహము, తూకము, దొరకిన చోటు, ఇచ్చిన వెల వ్రాసికొనవలెను. వ్రాయని సేకరణము కుప్ప. వ్రాసిన సేకరణము సంగ్రహము.

ఇప్పుడు మన ఇల్లాండ్రకు ఒక ప్రత్యేకమైన మనవి. పాత నాణెము నల్లబడి దొరకగానే దానిని చింతపండుతోనో, నిమ్మచెక్కతోనో, బూడిదతోనో తోమి తళతళలాడించుట మన అలవాటు. చెంబులకు అది మేలు, నాణెమునకు అది కీడు. కంచు మీద ఏండ్ల తరబడి ఏర్పడిన గోధుమరంగు పొర నాణెమునకు సహజమైన చర్మము వంటిది. పులుపు ఆ పొరను తినివేయును. బూడిద సన్నని గీతలు పెట్టును. తోమిన నాణెమును తెలిసినవాడు ఒక్క చూపున గుర్తించి, వెలలో అధికభాగమును తగ్గించివేయును. మట్టి అంటియున్నచో మంచినీట కొంతసేపు ఉంచి, మెత్తని బట్ట మీద పెట్టి ఆరనిండు. రుద్దవలదు. పట్టుకొనునప్పుడు అంచులను మాత్రమే పట్టుకొనుడు. వ్రేళ్ళ చెమట కూడ కంచును మరకపెట్టును.

భద్రపరచుటలోను జాగ్రత్త వలయును. మెత్తని ప్లాస్టిక్ సంచులలో కొన్ని కాలక్రమమున ఆమ్లమును వదలి నాణెమునకు పచ్చని జిగురును పట్టించును. మచిలీపట్టణము, విశాఖపట్టణము వంటి సముద్రతీరపు ఊళ్ళలో గాలిలోని ఉప్పుతేమ వలన చిలుము త్వరగా పట్టును. దళసరి కాగితపు కవరులో ఒక్కొక్క నాణెమును విడిగా నుంచి, తేమను పీల్చు గుళికలతో కూడ మూతగల పెట్టెలో పెట్టుట మేలు. చిలుము ఒక దానికి పట్టినచో దానిని వెంటనే వేరుచేయవలెను.

ఇక అందరును చెవియొగ్గి వినునట్టి ప్రశ్న. దీని విలువ ఎంత?

ముఖవిలువ సున్న. 25 పైసలును అంతకు తక్కువయు అగు నాణెములు 2011 జూన్ 30వ తేదీతో చెల్లుబాటు కోల్పోయినవి. లోహపు విలువయు ఎన్నదగినది కాదు. కిలో తూగుటకు 660కి పైగా నాణెములు కావలెను. మిగిలినది సేకరణపు విలువ. అది మూడు విషయముల మీద ఆధారపడియుండును.

మొదటిది అరుదు. ఇచ్చట ప్రాచీనత వేరు, అరుదు వేరు అని గ్రహింపవలెను. వేయేండ్లనాటి నాణెము గంపలకొలది దొరకినచో దాని వెల తక్కువ. నయాపైసలు కోట్ల సంఖ్యలో ముద్రింపబడినవి. కావున సామాన్యమైన నయాపైసా అరుదైనది కాదు. అయితే ఏటేటను, మూడు శాలలలోను, ఒకే సంఖ్యలో ముద్రింపలేదు. తక్కువగా ముద్రించిన సంవత్సరమునకు, శాలకు, కొంత అధికపు వెల పలుకును.

రెండవది స్థితి. ఇదియే సామాన్య నాణెములకు ప్రాణము. టంకశాల నుండి వచ్చిన మెరుపు చెడక, చేతులు మారని నయాపైసా ఒక తరగతి. మొదట సింహముల జూలు, ముఖములు అరుగును. అవి స్పష్టముగా నున్నది రెండవ తరగతి. రూపురేఖలు మాత్రమే మిగిలినది మూడవది. అంకెయే చదువరానిది చివరిది. ఒకే సంవత్సరము, ఒకే శాల నాణెమే యైనను, మొదటి తరగతి దానికిని చివరి దానికిని వెలలో ఎంతో వ్యత్యాసముండును. అరిగిన నయాపైసాకు వచ్చునది కొద్ది రూపాయలే. ఆరంభమున చెప్పిన లక్షల మాటకు ఇదియే సమాధానము.

మూడవది కోరువారి సంఖ్య. వస్తువు ఎంత అరుదైనను అడుగువారు లేనిచో వెల లేదు. ఇందులో ఒక సూక్ష్మము గమనింపవలెను. అమ్మకందారు అడిగిన వెల వేరు, నిజముగా అమ్ముడుపోయిన వెల వేరు. ఎవడైనను తన నయాపైసాకు లక్ష అని చీటీ తగిలింపవచ్చును. కొన్నవాడు ఉన్నప్పుడే అది వెల. వేలములలో నిజముగా పలికిన ధరలను చూచినవారికే నిజము తెలియును. అట్లే వర్తకుడు అమ్ము ధరకును కొను ధరకును నడుమ అంతరముండుట న్యాయమే. అది అతని జీవనోపాధి.

ముద్రణలో తప్పు జరిగిన నాణెములకు ప్రత్యేకపు గిరాకి కలదు. ముద్ర ఒక ప్రక్కకు జరిగి, మరొక ప్రక్క నెలవంకవలె ఖాళీగా మిగిలినది, ఒక వైపు బొమ్మ రెండవ వైపున లోనికి అణగినట్లు తిరగబడి పడినది, ఇట్టివి నిజమైన ముద్రణ దోషములు. సుత్తిదెబ్బ తిన్నవి, రైలుపట్టాల మీద పెట్టి చదును చేసినవి, ఆమ్లములో ముంచి పలుచబరచినవి దోషముద్రలు కావు, దెబ్బతిన్నవి మాత్రమే. వాని వెల తగ్గునే గాని పెరుగదు.

ఇంత వివరముగా చెప్పుటకు కారణమున్నది. ఇటీవలి సంవత్సరములలో పాత నాణెముల పేరిట పెద్ద మోసము బయలుదేరినది. ఫలానా సంవత్సరపు రెండు రూపాయల బిళ్ళకు అయిదు లక్షలు, ఫలానా బొమ్మ గల నోటునకు పది లక్షలు అని టెలిఫోనులలో ప్రకటనలు వచ్చును. ఫోటో పంపుమందురు. పంపగానే "మీది సరియైన నాణెమే, డబ్బు సిద్ధముగా నున్నది" అని ఉబ్బింతురు. తరువాత రిజిస్ట్రేషను రుసుము అని కొంత, పన్ను అని కొంత, కమీషను అని మరికొంత కట్టుమందురు. రిజర్వు బ్యాంకు ముద్ర గల కాగితములు కూడ చూపుదురు. కట్టిన కొలదిని క్రొత్త రుసుములు పుట్టును. చివరకు ఆ మనుష్యులును, ఆ సొమ్మును కనబడరు. రిజర్వు బ్యాంకు వారు 2021 ఆగస్టు 4వ తేదీన ప్రజలను ఈ విషయమై స్పష్టముగా హెచ్చరించిరి. తాము ఇట్టి క్రయవిక్రయములలో పాల్గొనమనియు, వానికై రుసుములు గాని కమీషనులు గాని అడుగమనియు, తమ పక్షమున వసూలు చేయుటకు ఎవరికిని అధికారమీయలేదనియు చెప్పిరి.

దీనికి లోబడువారు అత్యాశాపరులు మాత్రమే అనుకొనుట తగదు. కుమార్తె పెండ్లికి సొమ్ము చాలనివారు, వైద్యమునకు అప్పు చేసినవారు, పింఛను మీద బ్రదుకు వృద్ధులు, దేవుడే పెట్టె అడుగున దారి చూపినాడని నమ్ముదురు. వారిని ఎగతాళి చేయక, ఇంటిలో తెలిసినవారు ఒక్క సూత్రము చెప్పవలెను. నిజముగా కొనువాడు మనకు సొమ్మిచ్చును, మననుండి పుచ్చుకొనడు. ముందుగా మనలనే కట్టుమనువాడు కొనువాడు కాడు. ఒకవేళ సొమ్ము పంపియున్నచో, సిగ్గుపడి దాచుకొనక, ఆలస్యము చేయక 1930 అను నంబరునకు ఫిర్యాదు చేయవలెను. ఎంత త్వరపడినచో సొమ్ము నిలువరింపబడు అవకాశము అంత హెచ్చు.

మరి అమ్మరాని, చెల్లని ఈ బిళ్ళను దాచుట ఎందులకు అని అడుగవచ్చును. రాజుల బంగారు మొహరీలు కోటలలో దాగినవి. నయాపైసా మాత్రము అందరి చేతులలో తిరిగినది. కూలివాని మొలత్రాటి సంచిలోను, పల్లెబడి పిల్లవాని గుప్పిటిలోను, గుడి హుండీలోను, బస్సు కండక్టరు తోలుసంచిలోను అది నడచినది. క్రొత్తగా స్వాతంత్ర్యము వచ్చిన దేశము, కోట్లమంది నిరక్షరాస్యులకు దశాంశపు లెక్కను, ప్రతి చేతికి ఒక పాఠ్యపుస్తకము ఇచ్చినట్లుగా, ఈ బిళ్ళ ద్వారా నేర్పినది. ఆ పాఠము ఎంత బాగుగా వంటబట్టెననగా, నేడు మన పిల్లలకు రూపాయికి 16 అణాలనిన నవ్వు వచ్చును. అయినను పావలా అను మాట మాత్రము పావలా నాణెము పోయినను మన నాలుక మీద మిగిలినది.

కావున నయాపైసా దొరకినచో పారవేయకుడు, తోమకుడు, లక్షలకు ఆశపడకుడు. భూతద్దము తెచ్చి, సంవత్సరపు అంకెల క్రింద ఏ గురుతున్నదో పిల్లలచేత చూపింపుడు. ఇంటిలో అణాల లెక్క ఎరిగిన పెద్దవారున్నచో, 1957లో అంగడిలో చిల్లర ఎట్లు లెక్కించిరో అడిగి ఆ నోటుపుస్తకములోనే వ్రాయించుడు. నాణెము మరొక ఇంట కూడ దొరకవచ్చును. ఆ పెద్దవారి జ్ఞాపకము మరొక చోట దొరకదు.